తూటా లేని పాత రివాల్వర్: అమెరికాలో వెసులుబాటు, చిత్తూరులో కేసు

మామిడి సీజన్‌లో బంగారుపాళ్యం మార్కెట్ నుంచి రాత్రి పదింటికి బైక్ మీద ఊరికి బయల్దేరే వ్యాపారిని ఊహించుకోండి. నడుముకి కట్టిన సంచిలో ఆ రోజు వసూళ్ళు ఉంటాయి. హైవే దిగి ఊరి దారి పట్టాక ఒక్క లైటు కనిపించదు, వెనకాల ఏదో బండి అదే స్పీడులో వస్తోందంటే చాలు టెన్షన్ మొదలవుతుంది. అలాంటి మనిషికి ఒకరోజు ఫోన్లో ఒక వీడియో తగులుతుంది. అమెరికాలో ఎవరో పెద్దాయన కౌబాయ్‌ల కాలం నాటి రివాల్వర్‌ని ఒరలోంచి తీసి చూపిస్తూ, దీనికి లైసెన్స్ అక్కర్లేదు, ఆర్డర్ పెడితే పార్సిల్‌లో ఇంటికే వస్తుంది, ఆత్మరక్షణకి ఇది చాలదా అంటుంటాడు. చూసినవాడికి ఆశ పుట్టడం సహజమే: మనకీ ఇలాంటిదేమైనా కుదురుతుందా?

కుదరదు. ఎందుకు కుదరదో చెప్పాలంటే చట్టం కంటే ముందు ఆ వస్తువు సంగతి మాట్లాడుకోవాలి, ఎందుకంటే చట్టం అడ్డు రాని దేశంలో కూడా ప్రాణం మీదికి వచ్చినప్పుడు దీన్ని నమ్ముకోవడం అంత తెలివైన పని కాదు.

ఇప్పటి రివాల్వర్‌లో వేసే తూటా అంటే ఒక ఇత్తడి గొట్టం, అందులోనే మందు, అడుగున దెబ్బ తగిలితే మండే చిన్న బిళ్ళ, మూతి దగ్గర గుండు, నాలుగూ కలిసి ఒకే ముక్క. సామ్యూల్ కోల్ట్ తన రివాల్వర్‌కి అమెరికాలో పేటెంట్ తీసుకున్న 1836 నాటికి అలాంటి తూటా వేసే రివాల్వర్ లేదు. సిలిండర్‌లో, అంటే మధ్యలో తిరిగే డ్రమ్ములో, ఉన్న ఒక్కో గదిలోకి మందు విడిగా, సీసపు గుండు విడిగా, వెనక వైపు దెబ్బకి మండే బిళ్ళ, అదే క్యాప్, విడిగా పెట్టుకోవాల్సిందే. మందు అంటే సురేకారం, గంధకం, బొగ్గు కలిసిన పాతకాలపు నల్లటి పొడి. దాని ఇంగ్లీషు పేరుని ఉన్నదున్నట్టు తెలుగు చేస్తే నల్లమందు అవుతుంది గానీ, ఆ మాట వినగానే మనకి అభిని గుర్తొస్తుంది కాబట్టి తుపాకిమందు అనుకుందాం. కోల్ట్ వాళ్ళ 1851 నేవీ, 1860 ఆర్మీ మోడళ్ళు, వాటికి పోటీగా రెమింగ్టన్ వాళ్ళవి, ఇవే 1861-65 నాటి అమెరికా అంతర్యుద్ధంలో సైనికుల నడుముల మీద వేలాడాయి. అప్పటికే, 1857లోనే, స్మిత్ అండ్ వెసన్ వాళ్ళు తూటా వేసే రివాల్వర్ తెచ్చారు, దాని మీదున్న పేటెంట్ గడువు 1869లో తీరిపోయాక మిగతా కంపెనీలూ అటే మళ్ళాయి, 1873లో కోల్ట్ కూడా పేరు మోసిన తూటా రివాల్వర్ దించేసరికి పాత పద్ధతికి కాలం చెల్లింది. ఇప్పుడు అమ్ముడుపోయేవి చాలావరకు ఇటలీలో ఉబెర్టి, పియెట్టా లాంటి కంపెనీలు చేస్తున్న నకళ్ళు.

నూటయాభై ఏళ్ళ కిందట కాలం చెల్లినదాన్ని ఇవాళ ఎవరైనా నడుముకి ఎందుకు కట్టుకుంటారు? పనితనం చూసి కాదు. అమెరికాలో 1968లో వచ్చిన తుపాకుల చట్టం, 1898లో గానీ అంతకు ముందు గానీ తయారైనవాటిని, అలాగే మామూలు తూటా వేయడానికి వీల్లేని పాతరకం నకళ్ళని 'పురాతన ఆయుధాలు' అని పక్కన పెట్టేసింది. దేశమంతటికీ వర్తించే ఆ చట్టం లెక్కలో అవి తుపాకులే కావు. అందుకే పార్సిల్‌లో వస్తాయి. పోలండ్‌లోనూ 1885కి ముందు నాటి ఇలాంటి రకాలకీ వాటి నకళ్ళకీ పర్మిట్ అక్కర్లేదు. అయితే అమెరికాలో రాష్ట్రానికో చట్టం ఉంటుంది, మందు కూరి చొక్కా కింద దాచుకుని తిరిగితే మామూలు తుపాకితో సమానంగానే చూసే రాష్ట్రాలు అక్కడ ఉన్నాయి, వీడియోలో పెద్దాయన ఆ ముక్క మాత్రం చెప్పడు. మొత్తానికి దీని గిరాకీ అంతా చట్టంలో ఉన్న సందు వల్ల వచ్చింది, పేలే తీరు వల్ల కాదు. ఆ సందేమో విమానం ఎక్కి మన దగ్గరికి రాదు.

సరే, ఒకటి బల్ల మీద పెట్టి నింపడం చూద్దాం. ముందు సుత్తిని, పాతవాళ్ళు తుపాకి గుర్రం అనేవాళ్ళు దాన్ని, సగం వెనక్కి లాగితే సిలిండర్ వదులై తిరుగుతుంది. చిన్న కొలతతో ఒక గదిలో మందు పోయాలి. దాని మీద గుండు పెట్టాలి, గది కంటే గుండు ఒక పిసరు పెద్దది, దాన్ని తుపాకి గొట్టం కింద ఉన్న లివర్‌తో లోపలికి దిగ్గొడితే అంచు వెంట సీసం చెక్కుకుపోయి సన్నటి ఉంగరంలా రాలుతుంది. ఉంగరం నిండుగా వచ్చిందంటే గది బిగుతుగా మూసుకుందని అర్థం. ఇలా ఒక్కో గదీ. ఆ తర్వాత గుళ్ళ మీద మైనమో కొవ్వో పూయాలి, లేదంటే గుండు కింద కొవ్వు పట్టించిన గుడ్డ బిళ్ళ ముందే పెట్టి ఉండాలి. చివర్లో వెనక్కి తిప్పి, దీపావళి తుపాకిలో పెట్టే బిళ్ళంత ఉండే రాగి క్యాప్‌లు ఒక్కొక్కటిగా వేలి కొసతో నొక్కాలి. చెయ్యి తిరిగినవాడికి కూడా ఇదంతా నిమిషాల పని, చెమట పట్టిన వేళ్ళతో చీకట్లో అయితే చెప్పనే అక్కర్లేదు. అంటే ఎదుటివాడి ముందు మళ్ళీ నింపుకోవడం అనే ప్రశ్నే లేదు, ఉన్నవి ఉన్నట్టు కాల్చుకోవడమే. ఉన్నవి కూడా ఆరు కాదు, ఐదే అనుకోవాలి, ఎందుకంటే నిండిన గది మీద సుత్తి ఆనించి ఉంచితే కింద పడ్డప్పుడో దెబ్బ తగిలినప్పుడో పేలే ప్రమాదం ఉందని జాగ్రత్త తెలిసినవాళ్ళు ఒక గది ఖాళీగా వదిలేస్తారు. రెమింగ్టన్ రకంలో గదుల మధ్య సుత్తి ఆనడానికి గాడి ఉంటుంది, అది కాస్త నయం.

ఇందులో రెండు జబ్బులు ఉన్నాయి. మొదటిది, ఒక గది పేలినప్పుడు ఆ నిప్పు పక్క గదికి అంటుకోవడం. గుండు బిగుతుగా కూర్చోకపోయినా, వెనక క్యాప్ వదులుగా ఉన్నా ఇది జరుగుతుంది, గొట్టానికి ఎదురుగా లేని గది కూడా పేలిందంటే ఎడమ చెయ్యి ఎక్కడుందన్నదాని మీద ఆధారపడి ఉంటుంది మిగతా కథ. ఇది అరుదే. రెండోది మాత్రం రోజువారీ రోగం. పేలిన క్యాప్ పూరేకుల్లా చీలిపోయి ఆ రాగి తునక వెనక్కి జారి సుత్తి దగ్గరో లోపలి మరలోనో ఇరుక్కుంటుంది, సిలిండర్ తిరగనని మొరాయిస్తుంది. అనుభవం ఉన్నవాళ్ళు ప్రతి దెబ్బకీ తుపాకి మూతి ఆకాశానికి ఎత్తి సుత్తి లాగుతారు, తునక బయటికి పడిపోవాలని. కాల్పుల మైదానంలో అది చూడ్డానికి బాగుంటుంది. కత్తితో మీదికి వస్తున్నవాడి ముందు ప్రతి దెబ్బకీ తుపాకి పైకెత్తడం ఎలా ఉంటుందో ఆలోచించండి. పైగా మీట నొక్కితే చాలదు, ప్రతిసారీ బొటనవేలితో సుత్తి వెనక్కి లాగాల్సిందే.

సైజు సంగతికొస్తే, 1851 నేవీ సుమారు 33 సెంటీమీటర్ల పొడవు, అంటే స్కూలు పిల్లల ఫుట్ స్కేలు కంటే ఎక్కువ, బరువు కిలోంపావుకి కాస్త తక్కువ. 1847 నాటి వాకర్ మోడల్ అయితే రెండు కిలోలు దాటుతుంది, గుర్రం జీనుకి తగిలించుకునేందుకు చేసిన సరుకు అది. దాన్ని మొలలో దోపుకుంటే చొక్కా వదిలేసినా దాగదు, బుల్లెట్ బండి దిగి కూర్చుంటే డొక్కలో పొడుచుకుంటుంది. అదే కాన్పూర్ ప్రభుత్వ కర్మాగారంలో 2014లో తయారుచేసి ఆడవాళ్ళ హ్యాండ్‌బ్యాగులో పట్టేలా ఉందని ప్రచారం చేసిన .32 'నిర్భీక్' రివాల్వర్ బరువు సుమారు అరకిలో.

ఇక మన ఎండ. మే నెలలో తిరుపతి నలభై డిగ్రీలు దాటడం మామూలే. బండి డిక్కీలో పెట్టిన రివాల్వర్‌లో గుళ్ళ మీద పూసిన కొవ్వు అలా ఇలా ఉండదు, నెయ్యిలా కరిగి కొంత బయటికి కారి ఒర పాడుచేస్తుంది, కొంత గుండు పక్కనుంచి లోపలికి దిగితే మందునే చెడగొడుతుంది. నవంబర్‌లో ఇంకో గొడవ. ఈశాన్య రుతుపవనాల వాన పట్టుకుందంటే, 2021 నవంబర్‌లో తిరుపతి వీధులే ఏరులైనట్టు పట్టుకుందంటే, ఇనుముకి తుప్పు, మందుకి చెమ్మ. చెమ్మ తగిలిన టపాసు తుస్సుమనడం ప్రతి దీపావళికీ చూసేదే, అది ఇంటి ముందు జరిగితే నవ్వుకుంటాం. ఒకసారి కాల్చాక సంగతి మరీ దారుణం. ఈ మందు మండితే సగం కంటే తక్కువే వాయువుగా మారుతుంది, మిగతాది పొగలా లేస్తుంది, మసిలా అంటుకుంటుంది, ఆ మసి గాల్లో తేమ పీల్చి ఇనుమును తినేస్తుంది. అదే రోజు విప్పి వేడినీళ్ళతో, సబ్బుతో కడిగి, ఆరబెట్టి, నూనె పట్టించకపోతే వారం తిరిగేసరికి గొట్టం లోపల ఎర్రటి చారలు. 1860ల్లో అమెరికాలో ఇలాంటి జత రివాల్వర్లతో పేరు మోసిన వైల్డ్ బిల్ హికాక్ చాలాసార్లు పొద్దున్నే పాత మందు కాల్చేసి కొత్తగా నింపుకునేవాడని చెబుతారు. ప్రాణం దాని మీద పెట్టుకున్నవాడు అంత చాకిరీ చేసేవాడన్నమాట. మామిడి మండీకీ ఇంటికీ తిరిగే మనిషికి ఆ ఓపిక ఉంటుందా?

ఇలా అన్నామని దీన్ని బొమ్మ తుపాకి అనుకోవద్దు. అదే హికాక్ 1865 జులై 21న మిస్సోరీలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో నడివీధిలో డేవిస్ టట్ అనే వాణ్ణి సుమారు 70 మీటర్ల దూరం నుంచి ఒకే దెబ్బతో చంపాడు. అంతర్యుద్ధంలో ఇవి తీసిన ప్రాణాలకి లెక్కలేదు. మొదటి దెబ్బ సరిగ్గా నింపిన గది నుంచి వచ్చిందంటే ఇవాళ కూడా మనిషి పోతాడు. సమస్యంతా 'సరిగ్గా' అన్న మాట దగ్గరా, మొదటి దెబ్బ తర్వాతా. పేలగానే ఎదురుగా తెల్లటి పొగ తెర లేస్తుంది, ఇంటి లోపల అయితే రెండో దెబ్బకి ఎవరెక్కడున్నారో తెలియదు. చీకట్లో మూతి దగ్గర లేచే మంటకి కళ్ళు జిగేల్మంటాయి. ఇంట్లోవాళ్ళు కూడా అక్కడే ఉన్నారనుకోండి, ఇంక చెప్పేదేముంది.

నిజానికి చిత్తూరు జిల్లా వాళ్ళకి ఈ పాఠం ఇటలీ నకలు చూసి నేర్చుకోవాల్సినంత కొత్తది కాదు. నాటు తుపాకి ఏ సూత్రం మీద పేలుతుందో ఇదీ అదే సూత్రం: మూతిలోంచి మందు, పైన రవ్వలో గుళ్ళో, వెనక క్యాప్. కౌండిన్య అడవి అంచున పలమనేరు, కుప్పం వైపు పొలాలకి ఏనుగుల బాధ, మిగతాచోట్ల చెనిక్కాయ చేలకి అడవిపందుల బాధ, అందుకని రాత్రి కాపలాల్లో నాటు తుపాకి మాట వినపడుతూనే ఉంటుంది. దాన్ని ఎరిగినవాళ్ళు చెప్పేవి ఎక్కువగా దాని ప్రతాపాలు కావు, అది పేలని రాత్రులూ, పేలకూడని చోట పేలిన రోజులూ. గొట్టం చీలి వేళ్ళు పోయినవాళ్ళు, పంది అనుకుని పక్క చేను మనిషిని కొట్టినవాళ్ళు, ఇలాంటి వార్తలు జిల్లా ఎడిషన్ చదివే ఎవరికైనా పరిచయమే. నకలు రివాల్వర్ ఉక్కు దానికంటే ఎంతో నాణ్యమైనది, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ మందు నైజం మారదు.

ఇప్పుడు చట్టం. మన ఆయుధ చట్టం 1959 నాటిది. మందు పేలి గుండును విసిరేది ఏ రకమైనా, ఏ కాలందైనా అది తుపాకే, దగ్గర ఉంచుకోవాలంటే సెక్షన్ 3 ప్రకారం లైసెన్స్ ఉండాలి. 'పాతకాలందానికి మినహాయింపు ఉందంట కదా' అని వాదించేవాళ్ళు పట్టుకునేది సెక్షన్ 45ని. నిజమే, వాడుక పోయిన రకానికీ, పురాతన విలువ ఉన్నదానికీ, చెడిపోయినదానికీ అందులో మినహాయింపు ఉంది, కానీ ఆ వాక్యం అక్కడితో ఆగదు. మరమ్మతు చేసినా చేయకపోయినా తుపాకిగా పనికిరానిదై ఉండాలి అని ముగుస్తుంది. మరమ్మతు చేసినా అన్న మాట గట్టిగా చదవాలి. ఇవాళ పేలకపోవడం చాలదు, రేపు ఎవడో మెకానిక్ చేతిలో పడ్డా పేలకూడదు. అంటే పనిచేసేదైతే లైసెన్స్ కావాలి, లైసెన్స్ అక్కర్లేనిదైతే పని చేయదు. అమెరికాలో తయారైన సంవత్సరం, తూటా రకం చూస్తారు, ఇక్కడ పేలుతుందా లేదా అన్నది చూస్తారు, రెండు చట్టాలకీ ఉన్న తేడా అంతా ఇదే. కొత్తగా చేసిన నకలు ఈ పరీక్షలో మొదటి నిమిషంలోనే పోతుంది.

లైసెన్స్ లేకుండా దొరికితే 2019 సవరణ తర్వాత కనీసం రెండేళ్ళు, గరిష్ఠంగా ఐదేళ్ళు జైలు, పైన జరిమానా. తాతల నాటి దాన్ని ఎవరికో ఇచ్చి బాగు చేయిద్దామంటే అది ఇంకా పెద్ద తప్పు: లైసెన్స్ లేకుండా తుపాకులు తయారుచేయడం, అమ్మడం, మరమ్మతు చేయడం ఒకే గాటన వస్తాయి, శిక్ష కనీసం ఏడేళ్ళ నుంచి యావజ్జీవం దాకా ఉంటుంది. విదేశంలో కొని సూట్‌కేసులో తెచ్చుకుందామా? దేశంలోకి ఆయుధం తేవడానికి కూడా సెక్షన్ 10 కింద లైసెన్స్ కావాలి, చెన్నై ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ వాళ్ళకి 'ఇది యాంటిక్ సార్' అని చెప్పి చూడండి. గుళ్ళూ మందూ క్యాప్‌లూ విడివిడిగా తెప్పించుకుంటే తప్పించుకోవచ్చనుకోవడం కూడా భ్రమే, మందు, దానికి తోడయ్యే సామగ్రి కూడా చట్టం చెప్పే మందుగుండు నిర్వచనంలోకే వస్తాయి.

మందు మూతిలోంచి కూరే తుపాకికి మన చట్టంలో ఒక గౌరవం మాత్రం ఉంది. పంట కాపలాకి నిజంగా అవసరమైన రైతుకి అలాంటి తుపాకికి లైసెన్స్ ఇవ్వాలని సెక్షన్ 13 చెబుతుంది. అయితే అది పొలానికి, పందులకి. మండీ నుంచి ఇంటికెళ్ళే దారికి కాదు, మొలలో దోపుకునే రివాల్వర్‌కి అంతకన్నా కాదు.

ఇంకొకటి, చాలామంది ఆలోచించనిది. అనుకున్నట్టే దొంగ వచ్చాడు, రివాల్వర్ పేలింది, వాడు పడ్డాడు, ప్రాణం దక్కింది అనుకుందాం. ఆత్మరక్షణ హక్కు భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా సెక్షన్లలో ఉంది, ప్రాణభయం నిజమైనదైతే, ఎదుర్కోవడం అవసరానికి మించకపోతే కోర్టు ఆ హక్కుని గుర్తిస్తుంది. కానీ కాల్చడం న్యాయమే అని తేలినా, లైసెన్స్ లేని తుపాకి దగ్గర ఉంచుకున్న కేసు దానంతటది నడుస్తూనే ఉంటుంది. దొంగోడి కేసులో సాక్షిగా వెళ్ళాల్సినవాడు ఆయుధాల కేసులో ముద్దాయిగా వాయిదాలకి తిరుగుతాడు. పైగా మన ప్రాంతం మామూలు ప్రాంతం కాదు. శేషాచలం చుట్టూ ఎర్రచందనం స్మగ్లర్ల కోసం తనిఖీలు ఎప్పుడూ ఉండేవే, రాత్రిపూట బండి ఆపి సంచి విప్పినప్పుడు అందులో మందు కూరిన రివాల్వర్ కనిపిస్తే 'మామిడి డబ్బులకి కాపలా సార్' అనే మాట ఎవరు నమ్ముతారు? అలిపిరిలో అయితే లైసెన్స్ మాట కూడా అనవసరం, కొండ మీదికి ఆయుధాలు నిషిద్ధం.

లైసెన్స్ దారి మూసుకుపోలేదు, కష్టం అంతే. కలెక్టరేట్‌లో అర్జీ, పోలీసు విచారణ, ప్రాణభయం ఉందని చూపించే ఆధారం, 2016 నిబంధనలు వచ్చాక శిక్షణ సర్టిఫికెట్ కూడా. ఇన్ని దాటుకుని చేతికి వచ్చే కాగితంతో ఎవరైనా తూటా వేసే రివాల్వరే కొనుక్కుంటారు గానీ 1851 మోడల్ కాదు. ఎన్నికల కోడ్ వస్తే అదీ స్టేషన్‌లో అప్పగించి రావాల్సి రావచ్చు, అది వేరే తలనొప్పి.

లైసెన్స్ లేని మనిషికి మిగిలేవి చెప్పుకోడానికి చప్పగానే ఉంటాయి. వసూళ్ళు వీలైనంత వరకు ఫోన్ నుంచి ఖాతాలోకే వేయించుకోవడం, నగదు ఉన్న రోజు వెలుతురుండగానే ఇద్దరు కలిసి బయల్దేరడం, ఫోన్‌లో 112, జేబులో పెప్పర్ స్ప్రే. కొన్ని వందల రూపాయల ఆ డబ్బాకి లైసెన్స్ అక్కర్లేదు, క్యాప్ ఇరుక్కోదు, మే నెలలో కొవ్వు కరగదు, గురి తప్పి పక్కవాడికి తగిలితే ఏడుస్తాడు గానీ చావడు. 2023 ఆగస్టులో నడకదారిలో చిరుత ఒక పసిపిల్లని పొట్టనపెట్టుకున్నాక టీటీడీ భక్తుల చేతికి ఇచ్చింది ఏమిటో గుర్తుందా? చేతికర్ర. అప్పట్లో చాలామంది నవ్వారు. నవ్వినా, గుంపుగా నడవమనే మాటతో కలిపి చూస్తే అందులో కొంత లెక్క ఉంది.

ఇంతా చదివాక మిగిలే అసలు చిక్కు అటక మీద పాత తుపాకి నిజంగానే ఉన్న ఇళ్ళది. ముత్తాత జమీందారు దగ్గర పనిచేసినప్పుడు ఇచ్చారనో, తాత పంట కాపలాకి లైసెన్స్ మీద కొన్నారనో, గుడ్డలో చుట్టి ఎప్పటినుంచో పడి ఉంటుంది. తాత పోయిన రోజే ఆ లైసెన్స్ కూడా పోయింది, వారసులు ఆలస్యం చేయకుండా దాన్ని పోలీస్ స్టేషన్‌లో గానీ లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చేసి, ఉంచుకోవాలనుకుంటే తమ పేరు మీద అర్జీ పెట్టుకోవాలని సెక్షన్ 21 ఉద్దేశం. అది పేలే స్థితిలో ఉందో లేదో ఇంట్లో మీట లాగి తేల్చుకోకూడదు, లోపల ఏ కాలం నాటి మందు కూరి ఉందో ఎవరికీ తెలియదు, ఏళ్ళు గడిచినా అది మండుతుంది. గుడ్డ కూడా విప్పకుండా ముందు స్టేషన్‌కి ఫోన్ చేసి, ఇంట్లో ఇలాంటిది ఒకటి బయటపడింది, తెచ్చి అప్పగించమంటారా, మీరే వస్తారా అని అడగడం మంచిది. చేత్తో పట్టుకుని ఆటో ఎక్కి తీసుకెళ్ళడం మాత్రం వద్దు.